కనపడని చోట కుట్టు

నకిలీ బ్యాగును ముందు ముక్కుతో పట్టుకోవాలి, తర్వాతే కళ్ళతో. జిప్పు తీసి, ముఖం లోపల పెట్టి ఒక్కసారి గాలి పీలిస్తే చాలు. అసలు తోలు ఎంత పాతబడినా తోలు వాసనే వేస్తుంది. నకిలీది కొత్తలో గమ్ము వాసన, పాతబడ్డాక తడిసిన అట్టపెట్టె వాసన. ఈ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. చెప్పకూడని ఒక మనిషికి కూడా చెప్పాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మెదక్‌లో చర్చికి పోయే దారిలో, ఒక సందు మలుపులో నాది బ్యాగుల రిపేరు దుకాణం. మా నాయన పెట్టింది. ఆయన కాలంలో బడి సంచులు, ఆఫీసర్ల తోలు సంచులు, బెల్టులు వచ్చేవి. పెళ్ళయ్యాక నేను పదేళ్ళు హైదరాబాద్‌లో ఉన్నాను. అక్కడ ఖరీదైన బ్యాగులను శుభ్రం చేసి బాగుచేసే వర్క్‌షాపులో పని. విదేశీ కంపెనీల బ్యాగులు, పర్సులు, బెల్టులు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. కంపెనీ వాళ్ళు ఎక్కడ ఎన్ని కుట్లు వేస్తారో నా వేళ్ళకు తెలుసు. నాయన పోయాక, నేనూ నా మొగుడూ ఎవరి దారి వాళ్ళం చూసుకున్నాక, మెదక్ తిరిగొచ్చి మళ్ళీ షట్టరు ఎత్తాను.

మెదక్‌లో అంతంత ఖరీదు బ్యాగులు ఎవరికుంటాయి అనుకుంటారేమో. అసలువి నిజంగానే తక్కువ. నకిలీవి మాత్రం ఇంటికొకటి. దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చినవి, ఫోన్‌లో చూసి తెప్పించుకున్నవి, పెళ్ళిలో ఎవరో చదివించినవి. నాకు నోరు ఆగదు, పుట్టుకతో వచ్చిన గుణం. తెగిన జిప్పు వేయించుకోవడానికి వచ్చినామెకు జిప్పు వేసి ఇవ్వొచ్చు కదా, ఊరుకోను. "గిది డూప్లికేట్ అమ్మా, ఎవరిచ్చిండ్రో గానీ మంచిగ టోపీ పెట్టిండ్రు" అని మొహం మీదే అనేదాన్ని. ఒకామె మరిది కానుకగా ఇచ్చిన పర్సు గురించి అలాగే అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకేం పాపం అనిపించలేదు, నిజమే కదా చెప్పాను అనుకున్నాను. అలా అలా ఊళ్ళో పేరొచ్చింది. ఎవరింట్లో ఏ బ్యాగు మీద అనుమానమొచ్చినా "ఆమె దగ్గరికి తీస్కపోండ్రి, ముట్టుకుంటేనే చెప్తది" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే నాకు అన్నం తిన్నంత తృప్తి.

పక్క షట్టరు ఆపాది. అక్కను వాళ్ళ ఉర్దూలో ఆపా అంటారు. చీరలకు ఫాల్ కుట్టి, పీకో వేస్తుంది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. నేను తుమ్మినా ఆమెకు వినపడుతుంది. ఆమెకు ఒక్కతే కూతురు. బడి వదిలాక తల్లి దగ్గర చోటు లేక నా దగ్గరికొచ్చి కూర్చునేది. నన్ను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేది. నాకు పిల్లలు లేరు. ఆ పిల్ల మీద నాకున్నది ప్రేమో, నా విద్య ఎవరికైనా ఇచ్చిపోవాలన్న ఆశో, నేనెప్పుడూ విడదీసి చూసుకోలేదు.

దానికి కళ్ళు మూసుకోమని చెప్పి చేతికి బ్యాగు ఇచ్చేదాన్ని. "కనబడే కాడ అందరు మంచిగనే కుడ్తరు బిడ్డా. కనబడని కాడ చూడాలె" అని చెప్పేదాన్ని. జేబు లోపలి మూల, పట్టీ వెనకవైపు, లోపలి అస్తరు గుడ్డ కింద. కంపెనీవాడు అక్కడ కూడా అంతే శ్రద్ధగా కుడతాడు, నకిలీవాడు అక్కడ బద్ధకిస్తాడు. అతుకు దగ్గర పువ్వుల ముద్ర సగంలో తెగకూడదు. కొక్కెం చేతికి బరువుగా, చల్లగా తగలాలి. తోలు అంచుకు వేసే రంగు పలచగా ఉండాలి, రబ్బరులా ముద్దకట్టకూడదు. ఆ పిల్ల డిగ్రీకి వచ్చేసరికి నాకంటే ముందే చెప్పేసేది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక షాపువాళ్ళకు నా పాత సేటుతో చెప్పించాను. వాడిన ఖరీదు బ్యాగులు కొని మళ్ళీ అమ్మే షాపు అది. అమ్మడానికి వచ్చిన ప్రతి బ్యాగునూ చూసి, అసలుదో కాదో తేల్చడం ఆమె పని. ఆమె సరే అంటేనే షాపువాళ్ళు కొంటారు. నా మాట మీద ఆ నౌకరీ వచ్చింది. ఆపా ఆ రోజు నా రెండు చేతులూ తన కళ్ళకు అద్దుకుంది.

ఆ మరుసటి ఏడు, ఒక గురువారం పగటిపూట, అతను వచ్చాడు.

ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. బండిని సందులోకి తిప్పి, ముఖం రోడ్డు వైపు ఉండేలా ఆపాడు. ఫోన్ తీసి కౌంటరు మీద బోర్లా పెట్టాడు. గుడ్డ సంచిలోంచి ఒక బ్యాగు తీసి నా ముందుంచాడు.

"మీ గురించి నర్సాపూర్ దాక చెప్పుకుంటుండ్రు అక్కా. జర గిది చూసి చెప్పుండ్రి. అసలుదా, కాదా?"

నేను ఒక్క నిమిషంలో తేల్చేశాను. "కాదు తమ్మీ. మోసపోయినవ్."

"ఎట్ల తెల్సింది అక్కా?"

ఎవరూ అడగని ప్రశ్న అది. అందరికీ అవునో కాదో కావాలి, అంతే. ఎలా అని ఇతనొక్కడే అడిగాడు. పట్టీ వెనక కుట్లు చూపించాను. ముందువైపు ఏటవాలుగా, వెనకవైపు నిటారుగా ఉన్నాయి. అది మిషను కుట్టు, చేతి కుట్టు కాదని చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. నా మజూరీ కౌంటరు మీద పెట్టి, బ్యాగును గుడ్డతో నిదానంగా తుడిచి, సంచిలో పెట్టుకుని పోయాడు. వేలిముద్ర ఒక్కటీ మిగలకుండా తుడిచాడు. అప్పుడు అది శుభ్రత అనుకున్నాను.

మూడు వారాలకు, అదీ గురువారమే, మళ్ళీ వచ్చాడు. ఇంకో బ్యాగు. ఈసారి పట్టీ కుట్లు రెండువైపులా సరిగ్గా ఉన్నాయి, అంచు రంగు మాత్రం ముద్దగా ఉంది. చెప్పాను. తర్వాతి నెల వచ్చినదానికి అంచు బాగుంది, కొక్కెం తేలిగ్గా ఉంది. చెప్పాను. ఆ తర్వాతిదానికి కొక్కెం బరువుగా ఉంది, లోపల గమ్ము వాసన. "ముక్కు పెట్టి చూడు తమ్మీ" అని అతని చేత కూడా వాసన చూపించాను. అతను కళ్ళు మూసుకుని, లోపలికి వంగి, చాలాసేపు పీల్చాడు. తర్వాతి బ్యాగు తోలు వాసనే వేసింది.

ఇంత రాశాక చదివేవాళ్ళు నన్ను తిట్టుకుంటారని తెలుసు. ఎవరైనా ఇట్టే పట్టేస్తారు కదా. నేను పట్టలేదు. పాపం ఈ మంచివాడు ఎన్నిసార్లు మోసపోతాడో అని జాలిపడ్డాను. ఆపాకే ముందు అనుమానం వచ్చింది. చెక్క అవతలి నుంచి ఒకరోజు అన్నది:

"గా మనిషి ఎప్పుడు చూసినా నకిలీయే తెస్తడేందే? కొనేటోడైతే ఒకసారి మోసపోతడు, రెండుసార్లు మోసపోతడు. అటెన్క బుద్ధి రాదా?"

"నీకేం తెల్సు ఆపా, నువ్వు పీకో వేస్కో" అన్నాను. నా దగ్గర కూర్చుని అంత ఓపికగా వినేవాడు దొరికితే ఆమెకు కుళ్ళు అనుకున్నాను. పొగడ్త చెవికెక్కితే బుద్ధి మోకాల్లోకి దిగుతుంది.

వర్షాకాలంలో ఒకసారి అతను అసలైన బ్యాగే తెచ్చాడు. ముదురు గోధుమరంగుది. లోపలి రెండు జేబుల మూలలూ విడిపోయాయి, కుట్టమన్నాడు. అది అసలుదని చేతికి తీసుకోగానే తెలిసి నేను సంతోషపడ్డాను. జాగ్రత్తగా కుట్టాను. మా నాయన దారాన్ని చివర కత్తిరించేవాడు కాదు. రెండుసార్లు మెలేసి, సూదితో తోలు అంచు కిందికి తోసేవాడు. వేలితో తడిమితే నూక గింజంత తగులుతుంది. ఏ కంపెనీ అలా వేయదు. నా చెయ్యి కూడా ఆ ముడికే అలవాటు పడింది. ఆపా కూతురికీ చూపించాను, "గీ ముడి తగిల్తే మన దుకాణం పని అని ఎర్క చేస్కో" అని. ఆ బ్యాగు రెండు జేబుల మూలల్లో కూడా అదే వేశాను.

కుడుతున్నంతసేపూ అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంత విద్య ఎవరికన్నా నేర్పారా అని అడిగాడు. ఇక నన్ను ఆపేదెవరు? పక్క షట్టరు పిల్లకు నేర్పానని, హైదరాబాద్‌లో ఫలానా షాపులో ఆమె సరే అంటేనే బ్యాగు లోపలికి పోతుందని, షాపు ఎక్కడుందో కూడా చెప్పాను. దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు చూపించాను.

"మంచిది అక్కా. మీ చేతిల చదువుకున్న పిల్ల అన్నట్టు" అన్నాడు. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ నచ్చలేదని ఆ రాత్రికే మరిచిపోయాను.

దసరా దాటాక నల్ల బ్యాగుతో వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. నేను వాసన చూశాను, కుట్లు లెక్కపెట్టాను, అంచు గీకాను, అక్షరాల ముద్రను గోటితో తడిమాను. అరగంట వెతికినా తప్పు దొరకలేదు.

"అసలుదే తమ్మీ. పక్కా" అన్నాను.

నేను ఊరికే, అలవాటుకొద్దీ, లోపలి జేబులోకి వేలు పోనిచ్చాను. మూలలో నూక గింజ తగిలింది.

మొదట ఇది నేను కుట్టిన బ్యాగే అనుకున్నాను. కానీ అది గోధుమరంగుది, ఇది నల్లది. రెండో జేబు మూల తడిమాను. అక్కడా ఉంది. మా నాయన ముడి, నేను వేయని ముడి, నా చేతిలో ఉన్న బ్యాగుకు రెండు మూలలా ఉంది.

"గిది ఎవరు కుట్టిండ్రు?" అని అడిగాను.

అతను దాచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మావోళ్ళకు మీరు బాగుచేసిన పీసే నమూనా ఇచ్చిన అక్కా. వాళ్ళు ఉన్నదున్నట్టు చేస్తరు. ఏది కంపెనీది, ఏది మీది వాళ్ళకేం ఎర్క? గిప్పుడు అన్నిట్ల మీ ముడి ఉన్నది."

"అన్నిట్ల అంటే?"

అతను బ్యాగు తీసుకుని గుడ్డతో తుడవసాగాడు. "భయపడకుండ్రి. ఎవరు చూస్తరు గంత లోపలికి? చూసినా గిది ఎవరి చెయ్యి అని అడుగుతరు. నా చెయ్యి అయితే కాదు గదా. మీరు ఊకుంటే నేను ఊకుంట." వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "పిల్ల మంచిగున్నదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వినగానే, ఆ నకిలీలన్నీ పోయేది ఆ పిల్ల షాపుకేనని నాకు అర్థమైంది. అప్పుడే ఆ పిల్లకు ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. పోలీసులు వస్తే నా దుకాణం, నాయన పేరు, ఊళ్ళో నా మాట ఏమవుతాయో అని భయం. ఇంకోటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. ఇంతమందిని మోసపోయారని ఎగతాళి చేసిన నేను ఏడాదిపాటు ఒకడి చేతిలో మోసపోయానని ఆ పిల్లతో అనలేకపోయాను. రోజూ రేపు చెబుదాంలే అనుకున్నాను. చెక్క అవతల ఆపా మిషను శబ్దం వినపడితే ఉలిక్కిపడేదాన్ని.

పదిహేను రోజులకు ఆ పిల్లే ఫోన్ చేసింది, వీడియో కాల్. షాపులోంచే, మధ్యాహ్నం.

"ఖాలా, ఒక పీస్ చూస్తవా? అన్ని కరెక్టే ఉన్నయ్. కానీ ఎందుకో దిల్ ఒప్పుకుంటలేదు."

నల్ల బ్యాగు. పట్టీ చూపించింది, కొక్కెం చూపించింది, అతుకులు చూపించింది. చివరికి లోపలి జేబును బయటికి తిరగేసి, మూలను ఫోన్‌కు దగ్గరగా పట్టింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆ ముడి కనపడింది. కళ్ళున్నా వేరెవరికీ కనపడదు, నాకు మాత్రం కనపడింది.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. "మంచిదే బిడ్డా. తీస్కో" అన్నాను.

"పక్కానా ఖాలా?"

"పక్కా."

ఆమె నా వైపు ఒక క్షణం చూసింది. "సరే" అని పెట్టేసింది.

ఆ బ్యాగు కొన్నామె దాన్ని రిపేరుకని నేరుగా కంపెనీ షోరూముకే తీసుకుపోయిందట. వాళ్ళు నకిలీ అన్నారు. షాపువాళ్ళు మిగిలిన సరుకంతా బయటి మనిషిని పిలిపించి చూపించుకున్నారు. అలాంటివి ఇంకా బయటపడ్డాయి. అన్నీ ఆ ఫోన్ తర్వాత ఆ పిల్ల సరే అన్నవే. అమ్మినవాడు ఇచ్చిన కాగితాలు దొంగవి, కానీ అడ్రసు మెదక్ అని ఉంది. పిల్లది మెదక్. ఇంకేం కావాలి వాళ్ళకు? అమ్మినవాడితో కలిసి ఈ పిల్లే లోపలికి పంపిందని స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చారు.

ఆపాతో పాటు నేనూ హైదరాబాద్ బస్సెక్కాను. నర్సాపూర్ అడవి దాటేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. "నువ్వున్నవ్ గనుక నాకు ధైర్యమే" అని పదే పదే అన్నది. కిటికీ బయట చెట్లు చూస్తూ కూర్చున్నాను. స్టేషన్ ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల గదిలో పిల్ల తల వంచుకుని జవాబులు చెబుతోంది. తలుపు తెరిచే ఉంది. పది అడుగులు వేసి రెండు మాటలు చెబితే చాలు. సాయంత్రం దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను.

రుజువు లేదని రెండో రోజు వదిలేశారు. కానీ ఆమె ఫోటో ఆ వ్యాపారం చేసేవాళ్ళ గ్రూపుల్లో తిరిగింది, ఈ పిల్లను పెట్టుకోవద్దని. నాలుగు షాపులు ఎక్కి దిగింది. పేరు చెప్పగానే తలుపు చూపించారు. మెదక్ వచ్చేసింది. ఇప్పుడు తల్లి పక్కన రెండో మిషను వేసుకుని ఫాల్ కుడుతోంది. నా విద్యలో దానికి మిగిలింది సూదిలో దారం ఎక్కించడం.

అతను మళ్ళీ రాలేదు. రావలసిన అవసరం అతనికి లేదు. గురువారాలు వచ్చి పోతున్నాయి. సందులో బండి ఆగిన చప్పుడైతే ఇప్పటికీ నా చేతిలో సూది ఆగిపోతుంది.

రెండు నెలలు ఆగి, ఒకరోజు మధ్యాహ్నం ఆపా చాయ్ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు, నేను వాళ్ళ షట్టరులోకి వెళ్ళి ఆ పిల్ల ముందు కూర్చున్నాను. అతను రావడం, నేను నేర్పడం, ముడి, బెదిరింపు, అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె మిషను ఆపలేదు.

"నాకు ఎర్కే ఖాలా" అన్నది.

"ఏం ఎర్క?"

"ముడి. గా దినం నీకు ఫోన్ చేయకముందే చూసిన. నీ పనే అని సమజైంది. అందుకే జేబు తిప్పి చూపెట్టిన. నువ్వు చూసినవ్. నీ మొఖం మారింది. నువ్వే చెప్తవని ఎదురుచూసిన."

"మరి ఎందుకు సరే అన్నవే? నకిలీ అని ఆపితే నీ నౌకరీ ఉండేది గదా."

"నకిలీ అంటే ఎట్ల పట్టినవని అడుగుతరు. గప్పుడు ముడి చూపెట్టాలె. ఎవరి ముడి అంటరు." దారం కొరికి, చీర తిప్పి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. "స్టేషన్ల కూడ అడిగిండ్రు, ఎవరు నేర్పిండ్రని. ఎవరు నేర్పలే, నేనే నేర్సుకున్న అని చెప్పిన."

ఇప్పుడు పోయి నేనే చెబుతానన్నాను. "ఇప్పుడు చెప్తే ఇద్దరం కలిసే చేసినమంటరు. ఊకో" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకనిపించింది.

ఆపా చాయ్ తెచ్చింది. ఆమెకు ఇవేవీ తెలియవు. నా ఎర్రబడ్డ కళ్ళు చూసి, తన కూతురి కోసమే ఏడ్చాననుకుని, తనూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కప్పు నా చేతికిస్తూ, "నువ్వే జర ఇంకెక్కడన్న చెప్పి చూడవే. నీ మాట మీద ఎవరన్న ఇస్తరు" అన్నది.

పిల్ల తలెత్తలేదు.

"వద్దు అమ్మీ" అన్నది. "ఖాలా మాట వద్దు."